పెరటి గోలెంలో పద్మం

తామరపువ్వు పూయాలంటే చెరువే ఉండాలా? అక్కర్లేదు. రెండడుగుల వెడల్పున్న గోలెం, రోజుకు ఆరు గంటల ఎండ, కాస్త ఓపిక... ఈ మూడూ ఉంటే చాలు. ఇబ్రహీంపట్నంలాంటి ఊళ్లలో ఎండకు కొదవేముంది! పెరట్లో పాత కుడితి గోలెమో, వాడని సిమెంటు తొట్టో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ముందుగా ఓ సందేహం తీర్చుకోవాలి. నర్సరీ నుంచి తెచ్చింది తామరేనా, లేక కలువా? ఆకు చూస్తే తెలిసిపోతుంది. కలువాకు నీటిమీద తేలుతుంది, దానికి అంచు నుంచి తొడిమ దాకా చీలిక ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు. తొలి ఆకులు నీటిమీద తేలినా తర్వాతివి పైకి లేచి గొడుగుల్లా నిలబడతాయి.

కుండీ మొక్కలకు వాడే కొబ్బరిపొట్టు ఇక్కడ పనికిరాదు, నీటిపైకి తేలిపోతుంది. కావాల్సింది చెరువు మట్టి. 2015లో మొదలైన మిషన్‌ కాకతీయలో రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకున్నది అందులోని సారం కోసమే. తామరకూ అదే ఇష్టం. గోలెంలో జానెడు మట్టి వేసి, పైన బెత్తెడు నీళ్లు పోయండి. ఆకులు ఎదిగేకొద్దీ నీళ్లు పెంచుకోవచ్చు. దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన మాత్రం పైకి ఉండేలా నాటాలి. ఫిబ్రవరి, మార్చి అందుకు మంచి కాలం. గోలెం గుండ్రంగా ఉంటే మేలు. మూలలుంటే దుంప పాకుతూ వెళ్లి అక్కడ ఇరుక్కుంటుంది.

గింజతో మొదలుపెట్టాలనుకుంటే దాని పెంకు రాయిలా ఉంటుంది, నీరు లోపలికి పోదు. మొన ఉన్న వైపు కాకుండా చిన్న గుంట ఉన్న వైపును లోపలి తెలుపు కనిపించేదాకా గరుకు కాగితం మీద అరగదీయండి. గోరువెచ్చని నీళ్లలో వేసి, రోజూ నీళ్లు మారుస్తుంటే వారం అటూ ఇటూగా మొలక వస్తుంది. పువ్వు కోసం మాత్రం ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆగాలి.

నిలవ నీరంటే దోమల భయం ఉండనే ఉంటుంది. డెంగీ తెచ్చే ఏడిస్‌ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తొట్లలోని శుభ్రమైన నీళ్లలోనే. అందుకే నాలుగైదు గప్పీ చేపలు వదలండి, దోమపిల్లల్ని అవే తినేస్తాయి. ఆ చేపల్ని చెరువులో మాత్రం వదలొద్దు, అవి మన నీళ్లవి కావు. ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకో జాగ్రత్త. బెత్తెడు నీళ్లయినా ప్రమాదమే. పెద్ద కళ్లున్న ఇనుప జాలీని గోలెం మీద గట్టిగా బిగించండి. చుట్టచుట్టుకుని వచ్చే లేత ఆకులు ఆ కళ్లలోంచే పైకొస్తాయి.

చలికాలంలో ఆకులన్నీ పండి వాడిపోతాయి. మొక్క చచ్చిపోయిందని పారబోసేరు! దుంప మట్టిలో నిద్రపోతోందంతే. ఎండిన తూళ్లను నీటిమట్టానికి పైనే కత్తిరించాలి. తూడు లోపలంతా గొట్టాలే కాబట్టి, నీటి కింద కోస్తే దుంప కుళ్లిపోవచ్చు.

ఇంత గట్టి పెంకు గింజకెందుకంటారా? ఈశాన్య చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన ఓ తామరగింజ దాదాపు 1300 ఏళ్ల తర్వాత మొలకెత్తిందని జేన్‌ షెన్‌ మిల్లర్‌ అనే శాస్త్రవేత్త బృందం 1995లో వెల్లడించింది. చెరువు ఎండినా, మళ్లీ నీళ్లొచ్చేదాకా గింజ ఎదురుచూస్తుందన్నమాట.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుదీ ఎదురుచూపుల కథే. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటి చెరువది. ఏళ్ల తరబడి నీళ్లకు మొహంవాచి, 2022 వానలకు నిండి అలుగు పారింది. అడుగున మట్టి మిగిలి ఉంది కాబట్టే నీళ్లు నిలిచాయి. అదే మట్టి మీద ప్లాట్ల రాళ్లు పాతేస్తే గింజ ఎంత గట్టిదైతే ఏం లాభం?

మీ గోలెంలో పూసిన తొలి పువ్వు మూడు నాలుగు రోజులుంటుంది. రేకులు రాలాక మిగిలే కాయను కొయ్యకండి. గింజలు నల్లబడి గట్టిపడేదాకా ఉంచి, తలా ఒకటి ఇరుగుపొరుగు పిల్లలకు పంచండి. అరగదీసే పని వాళ్లకే వదిలేయండి.