తమ్ముడు గడ్డం గీసుకున్న రోజు

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి,

అయ్యా, చిలకలూరిపేట దగ్గర నూలు మిల్లొకటి మూతపడి ఏడాది దాటింది. అందులో తెగిన నూలుపోగును క్షణంలో అతికించే మా తమ్ముడు మొదటి నెలంతా పనికోసం తిరిగాడు. ఇప్పుడు గడ్డం కూడా గీసుకోడు. షిఫ్టు వేళకే లేచి అరుగుమీద కూర్చుంటాడు. మరదలు మిరప కోతలకు వెళ్లొచ్చి మండే చేతులు మజ్జిగలో ముంచుకుంటుంది. ఆమె ఎదుట అన్నం తినడానికి వాడికి సిగ్గు. ఊరేమో బద్ధకమంటోంది. ఆ మాట నాకు గుచ్చుకుంటోంది. అది బద్ధకం కాదండీ.

ఆస్ట్రియాలోని మారియెంతాల్‌లో బట్టల మిల్లు మూతపడ్డాక అక్కడి జనాన్ని మేరీ యహోదా అనే పరిశోధకురాలి బృందం దగ్గరగా చూసి, 1933లో పుస్తకం వేసింది. తీరిక పెరిగినా లైబ్రరీకి వెళ్లడం తగ్గింది, మగవాళ్ల నడక నెమ్మదించింది. మా వీధిలోనూ అదే నడక.

ఆశ చచ్చినవాడు నరసరావుపేట బస్సెక్కి మీ ఆఫీసుకు రాడండీ. మీ సిబ్బందినే మా వీధికి పంపండి. పేరుపెట్టి పిలవమనండి, ఒకసారి రాకపోతే మళ్లీ పిలవమనండి. శిక్షణ ఇస్తే రోజూ ఒకే వేళకు, భత్యంతో ఇప్పించండి.

మొన్న పక్కింటివాళ్ల నీళ్ల మోటారు ఆగిపోతే వాడే విప్పి బాగుచేశాడు. ఆ సాయంత్రం గడ్డం గీసుకున్నాడు.

ఇట్లు,
ఒక అక్క