మారబోవు యాప్‌నకు కరదీపిక యేల?

పంట నమోదు యాప్ త్వరలో మారునని తెలిసినచో, ఉన్నదానికి కరదీపిక వ్రాయుట దండుగ యని కొందరు గ్రామ వ్యవసాయ సహాయకులు తలచుచుందురు. నేనంగీకరింపను. యాప్ మారుచున్నదని అరకు కొండలలో రైతు రాజ్‌మా విత్తుట మానడు. నమోదు తప్పినచో నష్టపరిహారము వేళ చిక్కులు పడునది అతడే.

అయితే వ్రాయు తీరు మారవలెను. "కుడివైపు పచ్చ మీట నొక్కుడు" అను పుట వచ్చే పంటకాలమునకు పనికిరాదు సరికదా, దారి తప్పించును. 2020లో వెలసిన రైతు భరోసా కేంద్రము 2024లో రైతు సేవా కేంద్రమైనది. అరకు 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా వీడి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఇక తెరమీది మీటల మాట చెప్పనేల!

భూమి, విస్తీర్ణము, పంట, సాగుదారు - యాప్ ఏదైనను అడుగునవి ఇవే. వీటికే ఎక్కువ చోటీయుడు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగ. ఒకే తోటలో రెండు పంటలు. రెండవదానిని ఎట్లు చూపవలెను? 2006 అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందినవారు ఏ కాగితము తేవలెను? సిగ్నలు లేని కొండపై తీసిన ఫోటో పైకి చేరినదని ఎట్లు తెలియును?

తెర బొమ్మలను వేరొక కాగితముపై అచ్చువేసి, తేదీ వేసి, చివర గ్రుచ్చుడు. క్రొత్త యాప్ వచ్చిననాడు దానిని మాత్రమే చింపివేయవచ్చును. పాత నమోదు క్రొత్తదానిలోనికి వచ్చినదో లేదో సరిచూచుటకు రైతు చేతిలో రసీదుండవలెను. ఆ మాట మొదటి పుటలోనే వ్రాయుడు.