మనోవ్యాధికి మందుంది

‘మనోవ్యాధికి మందు లేదు’ అన్నారు మన పెద్దలు. దేహానికి వచ్చిన జబ్బును నాడి పట్టి చెప్పగలిగినా, మనసుకు తగిలిన గాయాన్ని చూడగల సాధనం లేని కాలంలో పుట్టిన మాట అది. ఈనాడు ఆ మాట సత్యం కాదు. మందు ఉంది. ఇవ్వగల నిపుణులూ ఉన్నారు. కొరవడినదల్లా వారికీ మన ఊళ్లకూ నడుమ దారి.

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనను తీరాంధ్ర ప్రజలు మరచిపోలేరు. దివిసీమతో పాటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాల పల్లెలు కూడా ఆ రాత్రి అతలాకుతలమయ్యాయి. వేలాదిమంది అసువులు బాశారు. బతికినవారికి దాతలు బియ్యం ఇచ్చారు, బట్టలు ఇచ్చారు, ఇళ్లు కట్టించారు. కాని ఒక్క రాత్రిలో కన్నబిడ్డలను పోగొట్టుకున్న తల్లి మనసుకు పునరావాసం ఎవరు కల్పించాలి? ఆ ప్రశ్న అడిగినవారే ఆనాడు అరుదు.

ఉప్పెన ఎప్పుడో గాని రాదు. అప్పుల బాధ, తాగుడు, పరీక్షల భయం, కాన్పు తరువాత తల్లిని కుంగదీసే దిగులు నిత్యం ఉండేవే. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని తేలింది. వారిలో అత్యధికులు చికిత్సకు నోచుకోలేదు. మన పల్లెల్లో మనిషి మౌనంగా మూలన కూర్చుంటే ‘గాలి సోకింది’ అంటారు. తాయెత్తు కడతారు. అది పనిచేయనప్పుడు రేపల్లె నుండి తెనాలికి, తెనాలి నుండి గుంటూరుకు ప్రయాణం కడతారు. దారి ఖర్చులకూ, ఇరుగుపొరుగుల మాటలకూ వెరచి సగంలో ఆగిపోయేవారే ఎక్కువ.

ఇక్కడ అవసరమయ్యే నిపుణులలో ఒకరు క్లినికల్ సైకాలజిస్ట్. మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మనోరోగ చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొంది మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయడు. రోగితో మాట్లాడి, శాస్త్రీయమైన పరీక్షలు జరిపి రుగ్మత స్వరూపాన్ని గుర్తిస్తాడు. ఆలోచనలోని ముడులను ఓపికగా విప్పుతాడు. ఇద్దరూ కలిసి పనిచేస్తేనే చికిత్స సమగ్రమవుతుంది.

ఈ వృత్తికి 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి అనుమతి తప్పనిసరి. మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. పట్టా ఒక్కటే చాలదు. మండలి గుర్తించిన సంస్థలో, రోగుల నడుమ రెండేళ్ల ఎం.ఫిల్. శిక్షణ పొంది, మండలి పట్టికలో పేరు నమోదు చేసుకోవడం ఇన్నాళ్లూ రాజమార్గం. విశ్వవిద్యాలయాలలో ఎం.ఫిల్. కు స్వస్తి చెప్పిన తరువాత, ఆ స్థానంలో కొత్త కోర్సులను మండలి రూపొందించింది. కాబట్టి చేరే ముందు ఆ కోర్సుకు, ఆ కళాశాలకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష విధించే అవకాశం కూడా చట్టంలో ఉంది.

ఇంత చదివితే ఉద్యోగం దొరుకుతుందా? 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రతి జిల్లా బృందంలోనూ ఈ నిపుణునికి స్థానం కల్పించింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాగా ఏర్పడింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కొత్త జిల్లాకు కలెక్టరు కార్యాలయం ఎంత అవసరమో, ఇటువంటి బృందమూ అంతే అవసరం. వ్యసన విముక్తి కేంద్రాలలో, మేధో వైకల్యం గల పిల్లల పాఠశాలలలో, ఆసుపత్రులలో ఈ నిపుణులకు చేయవలసినంత పని ఉంది. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని ఆదేశించింది. ఈ మూడు పట్టణాలలోని కళాశాలలన్నీ ఆ ఆదేశాన్ని మనసా పాటిస్తే ఎన్ని కొలువులు ఏర్పడతాయో ఊహించవచ్చు.

‘చిన్న ఊళ్లకు అంతంత చదువులవారు రారు, మూడు నెలల శిక్షణ పొందినవారితో సరిపెట్టుకుందాం’ అనేవారున్నారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. దుఃఖంలో ఉన్నవారి మాట ఆదరంగా వినడానికి ఆశా కార్యకర్త చాలు, ఉపాధ్యాయుడు చాలు. ఆ పని వారు నేర్చుకోవాలి కూడా. అయితే వినడం వేరు, వ్యాధి నిర్ణయించి చికిత్స చేయడం వేరు. కాలు విరిగితే కట్టు కట్టడానికి అర్హుణ్ణి వెదకే మనం, మనసు విరిగితే ఎవరైతేనేం అనుకోవడం పేదవానికి చేసే అన్యాయం. నిపుణులు లేరని అర్హతను తగ్గించరాదు. అర్హత గలవారు ఇక్కడికి వచ్చి నిలిచేటట్లు స్థిరమైన కొలువులు, తగిన జీతం కల్పించాలి. ఏడాదికోసారి పొడిగించే ఒప్పందపు కొలువును నమ్ముకొని ఎవరు మాత్రం ఇల్లు వాకిలి వదలి వస్తారు?

విద్యార్థులు కూడా ఒక విషయం ఆలోచించాలి. ఇంజనీరింగు, వైద్యం తప్ప వేరే చదువు లేదన్నది మనం కల్పించుకున్న భ్రమ. సాహిత్యం చదివి మనిషి సుఖదుఃఖాలను గుర్తించగలిగినవారికి ఈ శాస్త్రం పరాయిది కాదు. రోగి తన వేదనను అమ్మభాషలోనే చెప్పుకొంటాడు. ‘గుండె బరువెక్కింది’, ‘కడుపు తరుక్కుపోతోంది’ అన్న మాటల లోతు తెలిసినవారు మన ఊళ్ల నుండే రావాలి. అటువంటివారు పదిమంది తయారై తిరిగి వచ్చిన నాడు, పెద్దల సామెతను మనం గౌరవంగానే సవరించుకోవచ్చు.