ఇంటి వీడియోకు ఏ సాఫ్ట్‌వేర్?

షాద్‌నగర్ ఇళ్లలో నేడు వలీమా విందైనా, దాదీమా చెప్పే పాత ఫరూఖ్‌నగర్ ముచ్చట్లయినా సెల్‌ఫోన్‌లోనే పదిలమవుతున్నాయి. ఆ దృశ్యాలను చక్కగా కూర్చుకోవాలని సరదాపడే వారికి ఏ సాఫ్ట్‌వేర్ తగినదన్న ప్రశ్న ఎదురవుతుంది. హంగులకన్నా ముందు మన్నికను చూడాలన్నది మా సలహా.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీడియోలు కూర్చే వివావీడియో కూడా ఉంది. ఒక్క యాప్‌నే నమ్ముకుంటే సగంలో ఉన్న పని అందులోనే చిక్కుకుపోవచ్చు.

కైన్‌మాస్టర్‌ను ఉచితంగా వాడితే వీడియోపై దాని ముద్ర పడుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారికి షాట్‌కట్, కేడెన్‌లైవ్ మేలు. వాటికి రుసుమూ లేదు, ముద్రా లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తాయి. డావిన్సీ రిజాల్వ్ ఉచిత ప్రతి మరింత శక్తిమంతమైనదే గాని, పాత కంప్యూటర్ దాని బరువు మోయలేదు. ఇన్ని ఉచితంగా లభిస్తుండగా దొంగ ప్రతులను ఆశ్రయించడం అవసరమూ కాదు, ధర్మమూ కాదు.

ఒక్క జాగ్రత్త మరువరాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లు దాచే ప్రాజెక్టు ఫైలులో దృశ్యాలు ఉండవు, అవి ఎక్కడ ఉన్నాయన్న వివరమే ఉంటుంది. కనుక అసలు క్లిప్పులను చెరపకండి. పూర్తయిన వీడియోను ఎంపీ4 రూపంలో మరొకచోట కూడా భద్రపరచండి. సాఫ్ట్‌వేర్ పోతే మరొకటి దొరుకుతుంది. పెద్దల గొంతు అలా దొరకదు.