పండుగ సంచిలో ఏముంది?

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే పాలమూరు బిడ్డలు ఇంటిదారి పడతారు. ముంబయి, పుణేలలో భవన నిర్మాణ పనులకు వెళ్లినవారు, హైదరాబాదులో చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటున్నవారు, బెంగళూరులో చదువుకుంటున్నవారు అందరూ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వచ్చే బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి కూర్చుంటారు. ఒళ్లో ఒక సంచి, కాళ్ల దగ్గర మరో సంచి. వాటిలో అమ్మకు చీర, నాన్నకు దుప్పటి, పిల్లలకు కొత్త బట్టలు, ఇంటి ముందు కట్టడానికి రంగు కాగితాల నక్షత్రం, ఒక కేకు డబ్బా. ఇవన్నీ ప్రేమకు గుర్తులే. కానీ కొన్ని సంచుల అడుగున, బట్టల మడతల మధ్య, ఎవరికీ కనబడకుండా ఇంకొకటి ఉంటుంది. అదే టపాకాయల పొట్లం. ‘ఊళ్లో దీపావళి దుకాణాలు ఎప్పుడో ఎత్తేశారు, క్రిస్మస్‌కు కాల్చుకోవాలంటే పట్నం నుంచి తెచ్చుకోవాల్సిందే కదా’ అన్నది అందరూ చెప్పే మాట.

ఇప్పుడు ఈ సంచి ఊరు దాటి దేశం కూడా దాటుతోంది. మన జిల్లాల పిల్లలు అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. సెలవులకు తల్లిదండ్రులు వారి దగ్గరకు వెళుతున్నారు, లేదా వారే ఇక్కడికి వస్తున్నారు. వెళ్లేవారి పెట్టెలో గద్వాల చీర, సకినాలు, పచ్చడి సీసా ఉంటాయి. మనవడు ముచ్చటపడతాడని నాలుగు కాకరపువ్వొత్తులు కూడా వేసేవారున్నారు. విమానంలో బాణాసంచా ఏ రూపంలోనైనా నిషిద్ధమే. చేతి సంచిలో పెట్టినా, లగేజీలో వేసినా ఒకటే. పెట్టె స్కానర్ కిందికి వెళ్లగానే దాచిన వస్తువు బయటపడుతుంది. వయసు మళ్లిన తల్లి విమానాశ్రయంలో అధికారుల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

బ్రిటన్‌లో ‘క్రిస్మస్ క్రాకర్’ అనే వేరే వస్తువు ఉంది. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1847 ప్రాంతంలో కాగితంలో చుట్టిన మిఠాయి పొట్లాలు అమ్మడం మొదలుపెట్టి, తర్వాత వాటికి చప్పుడును జోడించాడని చెబుతారు. ఇద్దరు చెరొక కొసా పట్టి లాగితే చిన్న చప్పుడు వస్తుంది. లోపల కాగితపు టోపీ, చిన్న బహుమానం, ఒక హాస్యపు ముక్క ఉంటాయి. చూడటానికి అది పిల్లల ఆటవస్తువే. కానీ ఆ చప్పుడు చేసేది అతి కొద్దిపాటి సిల్వర్ ఫల్మినేట్ అనే పేలుడు పదార్థం. అందుకే బ్రిటన్ నుంచి బయలుదేరే కొన్ని విమానాల్లో మూత విప్పని పెట్టె అయితే అనుమతిస్తారు గాని, అమెరికా విమానాశ్రయాల భద్రతా సంస్థ దాన్ని చేతి సంచిలోనూ, లగేజీలోనూ నిషేధించింది. ఇంట్లో పండుగ బల్ల మీద నవ్వు పుట్టించే వస్తువే, వందలమంది కూర్చున్న చోట ప్రమాదకరమని ఎంచబడుతుంది. వస్తువు మారలేదు, పక్కన కూర్చున్నవారి సంఖ్య మారింది.

రైలుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను రైల్లోకి తెచ్చినవారికి 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో రహస్యంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరు వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. వారు పుణ్యయాత్రకు బయలుదేరినవారు. దారిలో వంట చేసుకోవాలన్నదే వారి ఆలోచన గాని, ఎవరికీ కీడు చేయాలని కాదు.

మన జిల్లాల ప్రజలకు నిప్పు గురించి వేరే ఊరి కథ చెప్పనవసరం లేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, దీపావళికి నాలుగు రోజుల ముందు, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కొత్తకోట దగ్గర పాలెం వద్ద కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది సజీవదహనమయ్యారు. పండుగకు ఇల్లు చేరాలనుకున్నవారు వారిలో ఎందరో ఉన్నారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ చోటు నేడు వనపర్తి జిల్లాలో ఉంది. 2025 అక్టోబరు 24న అదే జాతీయ రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మరో బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు మరణించారు. ఆ బస్సులో సెల్‌ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు మంటలను పెంచాయని అధికారులు అప్పట్లో చెప్పారు. ఈ రెండు ప్రమాదాలకూ టపాకాయలు కారణం కావు. కానీ నిద్రపోతున్న మనుషులున్న బస్సులో నిప్పు ఎంత వేగంగా పాకుతుందో, బయటపడటానికి ఎన్ని క్షణాలు మాత్రమే మిగులుతాయో అవి మనకు చూపించాయి. అలాంటి బస్సులో మన సీటు కింద మందుగుండు పొట్లం పెట్టుకుని, ‘ప్రభువా, క్షేమంగా ఇల్లు చేర్చు’ అని ప్రార్థన చేయడం ఏ పాటి విశ్వాసం?

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఆకాను కథ ఉంది. యెరికో దోపుడు సొమ్ములో ఒక మంచి పైవస్త్రం, కొంత వెండి, ఒక బంగారు కమ్మి అతని కంటికి నచ్చాయి. తీసుకొచ్చి తన గుడారంలో నేల కింద దాచాడు. ఎవరూ చూడలేదు. ఆ తర్వాతి యుద్ధంలో 36 మంది ఇశ్రాయేలీయులు కూలిపోయారు. వారెవరికీ ఆ గుడారంలో ఏముందో తెలియదు. ఆకాను వస్తువులకూ టపాకాయలకూ పోలిక లేదని కొందరనవచ్చు. వస్తువుల్లో పోలిక లేకపోవచ్చు, దాచడంలో మాత్రం ఉంది. ‘ఇది నా సంచి, నా ఇష్టం’ అనుకోవడానికి బస్సులో ఎవరి సంచీ పూర్తిగా వారిది కాదు. దాచినవాడొకడు, అనుభవించేవారు వేరొకరు. పక్క సీట్లో పసిబిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లికి మన సంచి అడుగున ఏముందో తెలుసుకునే దారి లేదు. ఆమె మనల్ని నమ్మి కూర్చుంది.

దేవుని ధర్మశాస్త్రం ఇంత చిన్న సంగతిని కూడా విడిచిపెట్టలేదు. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22:8 ఆజ్ఞాపిస్తుంది. ఎవరైనా అక్కడినుంచి పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటివారి మీదికి వస్తుంది. పొరుగువాని ప్రాణాన్ని కాపాడే జాగ్రత్త అధికారుల బెదిరింపు కోసం పాటించేది కాదు, అది ఆరాధనలో భాగమే. పిట్టగోడ కట్టించిన దేవుడే నేడు మన సంచీ విప్పి చూడమంటున్నాడు.

అయితే క్రిస్మస్‌కు సంతోషించకూడదా, పిల్లల ముచ్చట తీర్చకూడదా అని అడిగేవారికి జవాబు చెప్పాలి. సంతోషించవలసిందే. రక్షకుని జననం కంటే గొప్ప సంతోషవార్త లేదు. చట్టం కూడా పూర్తిగా కాదనలేదు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్రిస్మస్, నూతన సంవత్సర రాత్రులకు 11.55 నుంచి 12.30 వరకు, అంటే 35 నిమిషాలు సమయం కేటాయించింది. కాలుష్యం తక్కువగా ఉండే ‘గ్రీన్’ టపాకాయలే వాడాలని, వరుసగా పేలే సరాలు పనికిరావని చెప్పింది. కాల్చాలనుకునే యువకులు విడివిడిగా సంచుల్లో మోసుకురావడం మాని, సంఘపెద్దల అనుమతితో, లైసెన్సు ఉన్న దుకాణంలో దగ్గరలోనే కొని, గడ్డివాములకూ పశువుల పాకలకూ దూరంగా, ఖాళీ స్థలంలో, నీళ్ల బకెట్లు పక్కన పెట్టుకుని, ఆ గడువులోనే ముగించవచ్చు. పక్కింట్లో జబ్బుమనిషి ఉంటే అదీ మానుకోవచ్చు. మానుకోవడం కూడా ప్రేమే.

నిజానికి ఆ మొదటి క్రిస్మస్ రాత్రి పెద్ద చప్పుడేదీ వినిపించదు. పొలంలో మందను కాచుకునే గొర్రెల కాపరులకు వెలుగు కనిపించింది, దూత మాట వినిపించింది, స్తోత్రగానం వినిపించింది. హోరేబు కొండ మీద ఏలీయా ముందు బండలను పగలగొట్టే గాలి వీచింది, భూకంపం వచ్చింది, మెరుపు వచ్చింది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత వినిపించిన నిమ్మళమైన స్వరంలో ఆయన మాట్లాడాడు. చప్పుడు ఎంత పెద్దదైతే పండుగ అంత గొప్పదని మనకెవరు నేర్పారో గాని, బేత్లెహేము మాత్రం నేర్పలేదు.

ఈ నేలకు సువార్త ఎలా వచ్చిందో కూడా ఒకసారి తలచుకుందాం. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో సంఘాలను పెంచిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఆయుధం పట్టకూడదని నమ్మిన శాంతి సంఘం నుంచి వచ్చినవారు. ఓడల్లో సముద్రాలు దాటి, ఎడ్లబండ్ల మీద ఊళ్లు తిరిగారు. 1907లో వచ్చిన వైద్యురాలు కేథరిన్ షెల్లెన్‌బర్గ్ షంషాబాదులో రోగులకు సేవ చేస్తూ 1945లో కన్నుమూశారు. నేడు మన పిల్లలు విమానమెక్కేదీ, దిగేదీ ఆ షంషాబాదులోనే. ఆమె మందుల పెట్టెతో వచ్చిన ఊరి నుంచి మనం మందుగుండుతో వెళ్లాలా?

దూరదేశానికి వెళుతున్న కొడుకుల సంచుల్లో యాకోబు ఏమి పెట్టించాడో ఆదికాండం 43వ అధ్యాయంలో చదువుతాం. కరువు రోజుల్లోనే కొంచెం తేనె, కొంచెం బాదం కాయలు, తన నేల మీద పండిన మంచివి. వాటితోపాటు, పొరపాటున తమ సంచుల్లోకి తిరిగివచ్చిన రూకలను వాపసు ఇవ్వమన్నాడు. తండ్రి సర్దిన సంచిలో ఇంటి రుచీ ఉంది, నిజాయతీ ఉంది. తెరిచి చూపించడానికి భయపడవలసిన వస్తువు ఒక్కటీ లేదు. తూర్పుదేశపు జ్ఞానులు కూడా ప్రభువు ముందు తమ పెట్టెలు తామే విప్పారు.

ఈ ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రతి సంఘకాపరీ ఒక్క నిమిషం ఈ సంగతి ప్రకటిస్తే చాలు. దూరాన ఉన్న బిడ్డకు తల్లి ఫోనులో ‘పటాకులు తేకు నాయనా, నువ్వు వస్తే చాలు’ అని ఒక్క మాట చెబితే చాలు. ఆమె ఎదురుచూసేది సంచి కోసం కాదు, దాన్ని భుజాన వేసుకుని గడపలో నిలబడే కొడుకు కోసం. దేవుడు కూడా క్రిస్మస్‌కు మనకు పంపింది వస్తువును కాదు, తన కుమారుణ్ణే.