ముడ్డి కడిగే పనికి పేరు లేదు

మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు హైదరాబాదులో ఒక శిశు సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్తే, వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "బాత్రూమ్ అలవాటైందా?" అని. కాలేదన్నాను. "అయ్యాక తీసుకురండి" అన్నారు. నేను రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. సెలవు ఎవరు పెట్టాలన్న ప్రశ్న మా ఇంట్లో రానేలేదు. నేనూ లేవదీయలేదు.

ఈ మధ్య పాలమూరు వైపు ఒక అంగన్‌వాడీలో కూచున్నప్పుడు అది గుర్తొచ్చింది. ఇరవై మంది దాకా పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. కాగితం మీద అందరికీ మూడేళ్ళు నిండాయి. నిజానికి రెండున్నరేళ్ళ వాళ్ళూ ఉన్నారు. మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది, నీళ్ళు లేవు. పదిన్నరకి ఒక పిల్లవాడు చాప మీదే తడిపేశాడు. ఆయమ్మ పొయ్యి మీద అన్నం వదిలి వచ్చి, వాణ్ణి బయటికి తీసుకెళ్ళి కడిగి, చాప ఉతికి ఆరేసి, చేతులు కడుక్కుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఈలోపు ఇంకొకడు. "కొడితే ఆ పూట ఆపుకుంటరమ్మా, తెల్లారి కడుపు గట్టిపడి ఏడుస్తరు" అంది. నేను పుస్తకాల్లో చదివిందీ అదే. పిల్లల శరీరం ఇందుకు సిద్ధపడేది సాధారణంగా ఏడాదిన్నర, మూడేళ్ళ మధ్య. ఒక్కొక్కరిది ఒక్కో వేళ. భయపెడితే బిగబట్టుకుంటారు, మలబద్ధకం వస్తుంది.

మన ఇళ్ళలో ఇది నేర్పే పద్ధతి తెలిసిందే. కాళ్ళు చాపుకుని, పాదాల మీద బిడ్డను కూచోబెట్టుకుని, "ష్‌" అంటూ కనిపెట్టుకుని ఉండటం. మొహం చూసి వేళ పసిగట్టటం. దీన్ని తల్లి ప్రేమ అంటాం గానీ, ఇందులో ఉన్నది నైపుణ్యం, బోలెడంత సమయం. ఒక బిడ్డకి ఒక మనిషి ఉన్నచోట సాగే ఈ పద్ధతి ఇరవై మందికి ఒకరున్నచోట సాగదు. అక్కడ అందర్నీ ఒకేసారి వరసలో కూచోబెడతారు, వంట మధ్యలో తీరిక దొరికినప్పుడు.

అదీ కుదరకపోతే "అలవాటైన పిల్లల్నే పంపండి" అంటారు. అప్పుడు తల్లి కూలి మానాలి, లేదా అక్క బడి మానాలి. ఆ ఊళ్ళో చంకలో తమ్ముణ్ణి వేసుకుని తిరుగుతున్న ఇద్దరు ఆడపిల్లల్ని చూశాను. ఒకమ్మాయికి తొమ్మిదేళ్ళు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఆయమ్మ దళిత స్త్రీ. మొదట్లో ఆమె వండితే మా పిల్లలు తినరన్న ఇళ్ళున్నాయట. ఆమె కడగటానికి మాత్రం ఏ ఇంటికీ అభ్యంతరం రాలేదు.

చట్టాలకు ఈ పని తెలియదని కాదు. మహిళా కార్మికులున్న ఫ్యాక్టరీల్లో శిశుశాల ఉండాలన్న 1948 చట్టం, పిల్లల్ని కడగటానికీ బట్టలు మార్చటానికీ ఏర్పాట్ల మీద నియమాలు చేయవచ్చని కూడా రాసింది. 2005 ఉపాధి హామీ చట్టం, పని స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే ఒక స్త్రీని వాళ్ళ దగ్గర ఉంచి ఆమెకూ కూలి కట్టమంది. ఆయాకి మాత్రం ఇచ్చేది గౌరవ వేతనం. గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు చెప్పటానికి 2022 దాకా పట్టింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే జనవరిలో ఎస్మా పెట్టారు. జీతమడిగితే గౌరవ సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ!

మన సంఘాలూ తక్కువ తినలేదు. శిశుశాల అనగానే పాలు, గుడ్డు, అక్షరాలు మాట్లాడతాం. దొడ్డి మాటొస్తే నవ్వేస్తాం. ఇంటిచాకిరి మీద అన్ని పేజీల థీసిస్ రాసిన నేను ఈ పనికి ఒక పేరా ఇవ్వలేదు. వచ్చేసారి కోర్కెల పత్రం రాసేటప్పుడు చిన్నపిల్లల కోసమే ఒక అదనపు మనిషి, నీళ్ళు, మార్చటానికి బట్టలు, పిల్లల కొలతకి సరిపడే దొడ్డి అని ఆ మాటలతోనే రాద్దాం.

వచ్చేస్తుంటే ఆయమ్మని, మీ పనుల జాబితాలో ఇది ఉందా అని అడిగాను. "వంట రాసిన్రు, ఊడ్సుడు రాసిన్రు, పిల్లల్ని తోలుకొచ్చుడు రాసిన్రు" అంటూ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇది రాయలేదమ్మా" అంది.