గంటన్నర ఆట.. అరగంట టేబుల్! హైదరాబాద్‌లో బోర్డ్ గేమ్స్ ఆడే చోటు ఎందుకు కరువంటే..

శనివారం సాయంత్రం మాదాపూర్‌లోనో, జూబ్లీహిల్స్‌లోనో ఓ కేఫ్‌కి వెళ్లి ఐదుగురికి టేబుల్ అడగండి.. కాస్త వెయిట్ చేస్తే దొరుకుతుంది. అదే టేబుల్ మీద రెండు గంటలు బోర్డ్ గేమ్ ఆడుకుంటామని చెప్పి చూడండి. చాలాచోట్ల మేనేజర్ ముఖం మారిపోతుంది. కాటాన్, కోడ్‌నేమ్స్, టికెట్ టు రైడ్ లాంటి పేర్లు ఐటీ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులకి కొత్తేమీ కాదు. డబ్బాలు కొన్నవాళ్లున్నారు, ఆడేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా కూర్చునే చోటే.

ఇంట్లో ఆడుకోవచ్చుగా అంటారా? ఇల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. పీజీ హాస్టళ్లలో బయటివాళ్లని లోపలికి రానివ్వరు. లేడీస్ హాస్టల్ అయితే గేటు టైమ్ కూడా ఉంటుంది. షేరింగ్ ఫ్లాట్‌లో నలుగురు గట్టిగా నవ్వితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు కలిసి మూడు గంటలు ప్రశాంతంగా కూర్చోవాలంటే నగరంలో మిగిలింది కేఫ్ ఒక్కటే.

నిజానికి ఈ ఆటలు మనకి కొత్తవా అంటే అదీ కాదు. పచ్చీసు మనదే. దాన్ని కాస్త మార్చి 1896లో ఇంగ్లండ్‌లో ‘లూడో’ పేరుతో పేటెంట్ తీసుకున్నారు. అష్టాచెమ్మా, పులి-మేక, వైకుంఠపాళి.. వీటికి కావాల్సింది సుద్దముక్క, నాలుగు చింతగింజలు, ఓ అరుగు. ఆ అరుగుకి అద్దె లేదు. ఇప్పుడు అరుగులు పోయాయి, వాటి చోటుకి కేఫ్ టేబుల్ వచ్చింది. దానికి మాత్రం ప్రతి నిమిషానికీ అద్దె ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే.

ఉదాహరణకి ఓ లెక్క వేసుకుందాం. నలుగురు కూర్చున్నారు, తలా రూ. 200 కాఫీ తాగారు. కేఫ్‌కి వచ్చింది రూ. 800. కాటాన్ ఒక రౌండ్ పూర్తవ్వడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. కొత్తవాళ్లుంటే రూల్స్ చెప్పడానికే ఇంకో ఇరవై నిమిషాలు. అంటే దాదాపు రెండు గంటలు. ఆ టైమ్‌లో అదే టేబుల్ మీద ఇంకో రెండు బ్యాచ్‌లు తినేసి వెళ్లిపోయేవి. వీకెండ్ రష్‌లో ఓనర్ ఏది కోరుకుంటాడో వేరే చెప్పాలా?

అందుకే అసలైన బోర్డ్ గేమ్ కేఫ్‌లు తిండి మీద కాకుండా టైమ్ మీద డబ్బు తీసుకుంటాయి. 2010లో కెనడాలోని టొరంటోలో మొదలైన ‘స్నేక్స్ అండ్ లాటేస్’ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. ఎంట్రీ ఫీజు కట్టు, షెల్ఫ్‌లోంచి నచ్చిన ఆట తీసుకో. మన దగ్గర కొన్నిచోట్ల గంటకి తలా ఇంత అంటారు, కొన్నిచోట్ల కవర్ ఛార్జ్ తీసుకుని బిల్లులో తగ్గిస్తారు. గంట రేటు అనగానే ‘కాఫీ కొన్నాం కదా, మళ్లీ ఇదేంటి’ అని చిరాకు పడేవాళ్లు ఎక్కువే. కానీ ఆ రేటు కట్టే చోటే మిమ్మల్ని ఎవరూ లేవమనరు. ఆటలు ఫ్రీ అని బోర్డు పెట్టిన కేఫ్‌లో తరచూ దొరికేది మూలన ఓ జెంగా, సగం ముక్కలు పోయిన మోనోపలీ.

ముక్కలు పోవడం చిన్న విషయమేం కాదు. కాటాన్ డబ్బాలో వనరుల కార్డులే 95 ఉంటాయి. నాలుగు పోతే ఆట లెక్క తప్పుతుంది. ఉస్మానియా బిస్కెట్ పొడి, చికెన్ వింగ్స్ నూనె చేతులు.. ఇక కార్డుల గతి చెప్పక్కర్లేదు.

మరి బార్ల సంగతి? ముంబై, పుణెల్లో డూలల్లీ లాంటి బ్రూవరీలు బీరుతో పాటు బోర్డ్ గేమ్స్‌నీ తమ గుర్తింపులో భాగం చేసుకున్నాయి. హైదరాబాద్ పబ్‌లలో వీకెండ్ అంటే డీజే. పక్కనున్నవాడి మాటే వినిపించదు, ఇక కోడ్‌నేమ్స్‌లో క్లూ ఏం వినపడుతుంది! లైటింగ్‌లో కార్డు మీద రంగు కూడా తెలియదు. పైగా తెలుగు రాష్ట్రాల్లో మద్యానికి కనీస వయసు 21. డిగ్రీ కుర్రాళ్లకి ఆ దారి ముందే మూసుకుపోయింది. మంగళవారం, బుధవారం మధ్యాహ్నాలైతే మైక్రోబ్రూవరీలు ఖాళీగా ఉంటాయి, అప్పుడు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఇక చాలామంది ఓనర్లకి లోపల ఉండే ఇంకో భయం.. పోలీసులు. టేబుల్ మీద కార్డులు, పాచికలు కనిపిస్తే పేకాట అనుకుంటారేమోనని. చట్టం చూస్తే ఆ భయం సగమే నిజం. తెలంగాణ గేమింగ్ చట్టంలో అసలు పాయింట్ డబ్బు, లేదా గెలిస్తే దక్కే బహుమతి. పందెం లేకుండా ఆడుకుంటే అది జూదం కిందకి రాదు. సీటుకి ఫీజు తీసుకోవడం గురించి కూడా పాత తీర్పే ఉంది. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని చెప్పింది. ఆడుకోవడానికి క్లబ్ మామూలు ఛార్జీ తీసుకున్నంత మాత్రాన అది జూదశాల అయిపోదని కూడా తేల్చింది.

అయితే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలని బిగించాయి. డబ్బు పెట్టి ఆడితే ‘ఇది స్కిల్ గేమ్’ అనే వాదన ఇప్పుడు ఇక్కడ నడవదు. కాబట్టి ఎంట్రీ ఫీజు వసూలు చేసి క్యాష్ ప్రైజ్ టోర్నమెంట్ పెట్టే కేఫ్ రిస్క్ తీసుకుంటున్నట్టే. గంటకి కుర్చీ ఫీజు తీసుకునే కేఫ్ పరిస్థితి వేరు. ఈ తేడా ఓనర్లకి తెలిస్తే సగం ‘నో కార్డ్స్’ బోర్డులు దిగిపోవాలి.

వెతికేవాళ్లకి ఓ మాట. మ్యాప్‌లో ‘బోర్డ్ గేమ్ కేఫ్’ అని కనిపించిన ప్రతి పేరునీ నమ్మొద్దు, ఇలాంటివి తెరిచినంత వేగంగా మూతపడతాయి. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.. గంటకి ఎంత, ఆరుగురికి సరిపోయే టేబుల్ ఉందా, సొంత గేమ్ తెచ్చుకోవచ్చా, రూల్స్ చెప్పే మనిషి ఉన్నారా. చివరి ప్రశ్నకి ‘ఉన్నారు’ అని వెంటనే జవాబొస్తే అది దాదాపుగా నిఖార్సయిన చోటే. అవతల నుంచి ‘లూడో ఉంది మేడమ్’ అని వినిపిస్తే ఇంకో నంబర్ డయల్ చేయడమే.